పడవెక్కుతున్న అమ్మ మిక్సీ

గోవాలో చిన్న తెరచాప పడవ కొనుక్కుని అందులోనే ఉంటున్న మా తమ్ముడు, ఈ రోజు నన్ను నారాయణగూడలో ఇన్వర్టర్ల షాపుకు తీసుకెళ్లాడు. పడవలోని బ్యాటరీలతో లైట్లు వెలుగుతాయి గానీ, మిక్సీ తిరగాలంటే ఇంటి కరెంటు లాంటిదే కావాలట. వాడి చంకలో అమ్మ పాత మిక్సీ ఉంది.

"ఇల్లు ఎన్నో ఫ్లోర్ అన్నా?" అని అడిగాడు షాపతను.

"ఇల్లు కాదన్నా, పడవ," అన్నాడు తమ్ముడు.

అతను మిక్సీని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే కొత్త మిక్సీ కొనుక్కోరాదే. గీ పాతది స్టార్టింగ్‌లనే మస్తు కరెంట్ గుంజుతది," అన్నాడు.

"ఇదే తిరగాలన్నా."

మొదట పెట్టిన ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయింది. ఇంకా పెద్దది తెచ్చి పెట్టాడు. ఈసారి మిక్సీ షాపంతా అదిరేలా మోగింది. చిక్కడపల్లి అద్దింట్లో ఆదివారం పొద్దున్నే పెసరట్టు పిండి రుబ్బుతూ, ఆ మోతను మించి "లేవండర్రా" అని అరిచే అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయాక ఆ చప్పుడు వినడం ఇదే మొదటిసారి. తమ్ముడు స్విచ్ కట్టేయలేదు. షాపతను కూడా ఆపమనలేదు.

అప్పట్లో ఆ మోతకు విసుక్కుని దుప్పటి ముసుగేసుకున్నవాడే ఇప్పుడు దాన్ని సముద్రం మీదికి తీసుకెళ్తున్నాడు. మీరూ అలా విసుక్కుని, ఇప్పుడు వెతుక్కుంటున్న చప్పుడు ఏదైనా ఉందా?