సున్నంతో గీసిన ఎనభై డిగ్రీలు

ఒక్క బస్తా సున్నంతో నా పెళ్లిని నేనే ఎలా చెడగొట్టుకోబోయానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు ఊరంతా నవ్వింది, మీరు మాత్రం ఎందుకు మానాలి?

మాది అద్దంకి పక్క పల్లె. మా మిరప చేనుకీ ఆంజనేయులు మావయ్య చేనుకీ మధ్య ఒకటే గట్టు. ఆయన కూతురు మాధవి జబల్‌పూర్‌లో నర్సు. మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం గానీ ఆయన ఇంకా ఔననలేదు. ఏడాదిగా ఆమె నాకు ఫోనులో వినిపించే గొంతు మాత్రమే. చేలో నిలబడి మాట్లాడేవాణ్ని. ఆమె ఫోను పెట్టేశాక ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయేవాణ్ని. అంత బెంగగా ఉండేది.

ఒకరోజు ఫోనులో మ్యాపు చూస్తుంటే తెలిసింది, ఎనభై డిగ్రీల తూర్పు రేఖాంశం మా చేల మీదుగా ఉత్తరానికి సాగి జబల్‌పూర్ పక్కనుంచే పోతోందని. ఆ మాట మాధవికి చెప్పాను.

"అయితే మనిద్దరికీ మిట్టమధ్యాహ్నం ఒకేసారి అవుద్దన్నమాట. అప్పుడు నన్ను తలుచుకో" అంది.

ఇక చూడండి, రోజూ నడినెత్తిన ఎండ పెట్టుకుని మిరప మొక్కల మధ్య దిష్టిబొమ్మలా నిలబడేవాణ్ని. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ గీతను ఫొటో తీసి ఆమెకు పంపాలని బుద్ధి పుట్టింది. ఫోను చూసుకుంటూ, మా చేను దాటి మావయ్య చేలోకి కూడా సున్నం పోసుకుంటూ పోయాను.

మా వైపు పొలంలో తెల్లగీత పడిందంటే అర్థం ఒక్కటే, రోడ్డు కింద భూమి పోతోందని. నేను ఫొటో పంపి తలెత్తేసరికి పదిమంది రైతులు పోగయ్యారు. బైపాస్ అని ఒకరు, కాదు ఆరు లైన్ల రోడ్డని ఇంకొకరు. మావయ్య బోరు సరిగ్గా గీత మీదే ఉంది. ఆయన దాని పక్కన కూలబడిపోయాడు.

నిజం చెప్పక తప్పలేదు. మాధవి సంగతితో సహా అందరి ముందూ చెప్పేశాను. రేఖాంశమనేది నేల మీద నిజంగా ఉండదని, మనం అనుకోవడమేనని కూడా వివరించాను.

"లేని గీతకి సున్నమెందుకు పోశావురా?" అన్నాడు మావయ్య.

"బెంగగా ఉండి, మావయ్యా."

అందరూ పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. లేచి, గీత వెంట ఉత్తరం వైపు చాలాసేపు చూశాడు.

"దీని మీద నడిస్తే మా పిల్ల దగ్గరికి ఎన్నాళ్లు పడుద్ది?"

"నెలన్నర పట్టొచ్చు."

"అయితే నడిచెళ్లి తీసుకురా. పెళ్లి చేస్తా."

ఆ బోరు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను, ఈ జన్మలో ఇంకో రేఖాంశం గీయనని. నెలన్నర ఆగడం మాత్రం నా వల్ల కాలేదు. మావయ్య కంటపడకుండా ఆ సాయంత్రమే రైలెక్కాను.