ముందుకు ఒకటే గేరు

ఆ రోజుల్లో మా ఆదోనిలో ఎవరి సెలవు వాళ్ళది. పత్తి మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఆదివారం, సాయిబుల షెడ్లకు శుక్రవారం, కొయ్యపని చేసేవాళ్ళకు అమావాస్య. ఊరికి ఈ ఏర్పాటు బాగానే ఉండేది, ఏ రోజు బజారుకు పోయినా ఏదో ఒక అంగడి తెరిచే ఉండేది. ఒక్క నా కాపురానికే అది కలిసి రాలేదు. ఎందుకంటే నాకు పెళ్ళయిన ఏడు మా ఆయన, ఆయన స్నేహితులిద్దరు కలిసి ఒక పాత డీజిల్ పికప్ వ్యాను కొన్నారు. మా ఆయన మిల్లులో ఫిట్టరు. రెండో ఆయన బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మనిషి, అందరికీ ఇంజన్ భాయి. మూడో ఆయన వయసులో పెద్దవాడు, ఎద్దుల బండ్లు చేస్తాడు కాబట్టి బండ్లన్న. ముగ్గురికీ మూడు సెలవులు. అంటే ఆ వ్యాను పని ఎప్పుడూ జరుగుతూనే ఉండేది కానీ, చేసేవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు.

నేను కాపురానికి వచ్చిన రోజు వాకిట్లో నాలుగు బండరాళ్ళ మీద, చక్రాలు లేకుండా, నోరు తెరుచుకొని ఉంది ఆ వ్యాను. హారతి పళ్ళెం పట్టుకొని ఎదురొచ్చిన మా అత్త దాని పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచి రావలసి వచ్చింది. "రెండు నెలల్లో నడుస్తాదిలే," అన్నాడు మా ఆయన, నా మొహం చూసి. (పెళ్ళయ్యాక ఆయన నాతో అన్న మొదటి మాట అదే. మొదటి అబద్ధం కూడా.) పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు బాగుచేసి ఉంటే రెండు నెలలు నిజంగానే చాలేవేమో. కానీ వీళ్ళు దాన్ని కొన్ననాటి కంటే గొప్పగా చేయాలనుకున్నారు. ఎమ్మిగనూరు బట్టల మూటలు, పల్లెల పత్తి, మంత్రాలయం పోయే జనం, అన్నీ దాంట్లోనే పోవాలట.

సైలెన్సరు సంగతి ఒక్కటి చెప్తాను, మిగతావి మీరే ఊహించుకోండి. ఒక శుక్రవారం ఇంజన్ భాయి వచ్చి, పొగగొట్టం పైకి ఉంటేనే ఇంజనుకు ఊపిరాడుతుందని దాన్ని కోసి, బావి మీది ఇంజనుకు ఉన్నట్టు తలుపు పక్కన నిలువుగా నిలబెట్టాడు. "వదినమ్మా, దీన్ని ఎవరూ ముట్టొద్దని మావోనికి గట్టిగా చెప్పు," అన్నాడు పోతూ పోతూ. ఆదివారం మా ఆయన లేచి చూసి, "ఎవడు నిలబెట్టినాడు దీన్ని? ఇది వ్యానా, జొన్నచేని మోటరా?" అని పీకి మళ్ళీ కింద పడుకోబెట్టాడు. అమావాస్య నాడు బండ్లన్న వచ్చి, తన చెక్కలకు అది అడ్డమొస్తోందని అవతలి పక్కకు తిప్పేశాడు. "అడిగితే ఎద్దు తోకను ఎద్దే ఆ పక్క పెట్టుకుందని చెప్పు పాపా," అన్నాడు నవ్వుతూ. మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఇలా ఒకరి తిట్లు ఒకరికి చేరవేయడమే ఆ ఏడు నా ఉద్యోగం. తిట్లను కొంచెం కడిగి, తుడిచి చెప్పేదాన్ని. లేకపోతే ఆ స్నేహం మూడో నెలలోనే ముగిసిపోయేది.

బండ్లన్న వ్యాను వెనక కట్టిన తొట్టి సంగతి వేరే. ఎద్దుల బండికి వాడే మందం చెక్కలు కొట్టి, ఇనుప పట్టాలు బిగించాడు. ఆ బరువుకు వెనక భాగం కుంగింది. కుంగిందని భాయి స్ప్రింగు పట్టీలు ఎక్కువ వేశాడు. ఎక్కువయ్యేసరికి వెనక భాగం పైకి లేచి, వ్యాను వంగి నీళ్ళు తాగుతున్నట్టు నిలబడింది. మా అత్త మాత్రం దాన్ని పల్లెత్తు మాట అనేది కాదు. బానెట్టు మీద చీర పరిచి మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టుకునేది. "ఉండనీ మే, దాని మీద ఎండ బాగా తగుల్తాది," అనేది. అందరికీ టీలు కాచి, ఉగ్గాని కలిపి, బజ్జీలు వేసి, గ్రీజు మరకలు ఉతికే నాకే దాన్ని చూస్తే ఒళ్ళు మండేది.

ఇంత మండేదాన్ని, దసరాకు పుట్టింటికి పోయి ఏం చేశానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు దగ్గర పల్లె. మా మేనత్త, "ఆదోనిలో మీకేముంది మే?" అని ఒక మాదిరిగా అడిగింది. "మాకు సొంత వ్యాను ఉంది" అన్నాను. చక్రాలు లేవన్న ముక్క మింగేశాను. అక్కడే కూర్చున్న మా నాయన మొహం వెలిగిపోయింది. "అట్లయితే ఈ తూరి పత్తి మన అల్లుని బండిలోనే ఆదోనికి పోవల్ల," అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు.

కార్తీకంలో మా నాయన కార్డు వచ్చింది. "పత్తి ఏరడం అయిపాయ. కొట్టం కారుతాంది. మబ్బులు కమ్ముకుంటాండాయి. లారీవాళ్ళు వస్తే మా అల్లుని బండి ఉందని పంపించేసినా. బుధవారం ఎదురుచూస్తాంటాము." కార్డు మళ్ళీ చదివాను. ఏడాది పంట అది. అప్పటికి వ్యానుకు ఇంజను, గేరుబాక్సు కూర్చున్నాయి, చక్రాలు వచ్చాయి కానీ, వెనక ఇరుసు ఊడదీసి ఉంది. దాని మధ్య గుండులో ఉండే పెద్ద పళ్ళ చక్రం అరిగిందని, బళ్ళారి పాత సామాన్ల అంగట్లో ఇంకోటి తెచ్చి గూట్లో పెట్టారు. ఎవరి సెలవు రోజు ఎవరు బిగించాలన్నది తేలక అది పది రోజులుగా గూట్లోనే ఉంది.

చెంగు బిగించి నేనే బయలుదేరాను. ముందు భాయి షెడ్డుకు, తర్వాత బండ్లన్న కొట్టానికి. "సోమవారం ముగ్గురూ మా ఇంటికి రావల్ల," అన్నాను.

"సోమవారం సెలవు కాదు కదా వదినమ్మా," అన్నాడు భాయి.

"నాకు తొమ్మిది నెలల నుంచి ఏ వారమూ సెలవు లేదు," అన్నాను.

సోమవారం ముగ్గురూ వచ్చారు. వచ్చాక తెలిసింది, ఒకరు మిల్లు యంత్రాలు, ఒకరు బావి ఇంజన్లు, ఒకరు ఎద్దుల బండ్లు ఎరిగినవాళ్ళే తప్ప, వ్యాను ఇరుసు గుండు లోపల ఏముంటుందో ముగ్గురిలో ఎవ్వరూ ఎన్నడూ చూడలేదు. వ్యానుతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఆ ఇంట్లో ఇంటరు చదివింది నేనొక్కదాన్నే. పుస్తకం చేతికి ఇచ్చేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. నేను చదివి చెప్తుంటే ముగ్గురు మగవాళ్ళు కిక్కురుమనకుండా చేస్తున్నారు! అలాంటి రోజు నా జీవితంలో మళ్ళీ రాలేదు. "పళ్ళ చక్రం ఏ పక్క వస్తాది?" అని అడిగాడు మా ఆయన వ్యాను కిందినుంచి. "ఎడమ పక్క," అన్నాను. "యాది ఎడమ?" అని మళ్ళీ అడిగాడు. నేను వ్యాను మొహానికి ఎదురుగా నిలబడి ఉన్నాను. "ఎడమ తెలీదా? ఇదో, ఇది," అని నా ఎడమ చేయి ఊపి చూపించాను.

మంగళవారం సాయంత్రానికి అంతా బిగిసింది. బుధవారం పొద్దున్నే వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. మా అత్త వ్యానుకు పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టింది. ఇంజను ఒక్క పెట్టున లేచింది. మా ఆయన అందరినీ ఒకసారి చూసి, మొదటి గేరు వేసి, క్లచ్చు వదిలాడు.

వ్యాను గౌరవంగా వెనక్కి పోయింది. నీళ్ళ డ్రమ్ము దొర్లింది, స్నానాల తడిక పడింది. (లోపల ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం.) నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "రివర్సు తీసేయప్పా!" అని వీధి మొత్తం అరిచింది. "నేను వేసింది మొదటి గేరే!" అని మా ఆయన ఇంకా గట్టిగా అరిచి, రెండోది వేశాడు. ఇంకా చురుగ్గా వెనక్కి పోయి గోడను ముట్టుకుంది. చివరికి విసుగొచ్చి రివర్సు వేస్తే, అప్పుడు మెల్లగా, పెళ్ళికూతురిలా ముందుకు నడిచి, నిమ్మకాయలు తొక్కింది.

నేను పుస్తకం తీసుకొని వంటింట్లోకి పోయి ఆ పేజీ మళ్ళీ చదివాను. వెనక నిలబడి ముందుకు చూసేవాడికి ఎడమ, అని రాసి ఉంది. వెనక నిలబడి! నేను నిలబడింది ముందు. పుస్తకం మూసేశాను. బయట మా అత్త గొంతు వినిపిస్తోంది. "ఎవరు చేసినార్రా ఈ పని?"

"నేనే పెద్దమ్మా!" అన్నాడు ఇంజన్ భాయి, వీధి చివరిదాకా వినపడేట్టు. "గేరుబాక్సు నేనే బిగించినా. తప్పు నాదే." నేను వాకిట్లోకి వచ్చాను కానీ, ఆ మాట అంతటితో ఆగిపోవాలనే కోరుకున్నాను. మహా తల్లిని!

మళ్ళీ విప్పి బిగించాలంటే రెండు రోజులు. మబ్బు చూస్తే ఎమ్మిగనూరు దిక్కున నల్లగా ఉంది. మా ఆయన తల పట్టుకొని మెట్టు మీద కూర్చున్నాడు. "ఒక గేరులో ముందుకు పోతాంది కదా," అన్నాను. ముగ్గురూ నన్ను చూశారు. "దాంట్లోనే పోదాం."

పోయాము. ఇరవై కిలోమీటర్ల పైన, రివర్సు గేరులో, ముందుకు. ఇంజను ఒకటే ఏడుపు, వ్యాను మాత్రం మనిషి నడక. ఆ గేరు ఊరికే జారిపోతుంటే, కడ్డీని రెండు చేతులతో పట్టుకొని కూర్చునే శిక్ష నాకు పడింది. బండ్లన్న, భాయి తొట్టిలో నీళ్ళ డబ్బాలతో కూర్చొని, రేడియేటరు పొగలు కక్కినప్పుడల్లా దూకి నీళ్ళు పోశారు. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. ఒక గొర్రెలాయన చాలా దూరం పక్కనే నడుస్తూ మాట్లాడాడు. "యాడికి పోతాండారప్పా?" "ఎమ్మిగనూరు దిక్కు." "చీకటి పడేలోగా చేరుతారులే," అని ధైర్యం చెప్పి, పొలంలోకి తిరిగాడు. వెనకనుంచి వచ్చిన బస్సులో కండక్టరు తల బయట పెట్టి, "గేరు మార్చప్పా!" అని కేక వేశాడు. తొమ్మిది నెలల ఓపిక అప్పుడు తెగింది మా ఆయనకు. "మారిస్తే మళ్ళా ఆదోనికి పోతాది!" అని అరిచాడు. బస్సులో వాళ్ళకు అది అర్థమై ఉండదు.

ఊరి ముందర మా నాయన కొత్త తలపాగా చుట్టుకొని, పదిమందితో నిలబడి ఉన్నాడు. మా మేనత్త కూడా ఉంది. వ్యాను ఏడుస్తూ వచ్చి ఆగింది. దాన్ని కొట్టం దగ్గరికి చేర్చేటప్పుడు మా ఆయన మొదటి గేరు వేస్తే, చెంగున వెనక్కి పోయి సరిగ్గా గుమ్మంలో ఆగింది. "అబ్బా, ఎనక్కి బలే పోతాదే!" అని మెచ్చుకున్నారు జనం. పత్తి తొక్కి నింపి, పట్టా కప్పి కట్టారు. సగం దారిలో వాన పట్టుకుంది. ముందు సీట్లో నా పక్కనే మా నాయన. కొంతసేపు చూసి అడిగాడు, "ఏం మే, అల్లుడు ఇంత నిదానంగా తోల్తాండాడు?"

"పత్తి కదా నాయనా. బిరీన పోతే తడుస్తాది," అన్నాను. చేతులు కడ్డీ మీదే ఉన్నాయి. ఆయన తృప్తిగా తల ఊపాడు. పత్తి పొడిగానే ఆదోని మార్కెట్టు యార్డు చేరింది. మా అల్లునంత జాగ్రత్తగా బండి తోలేవాడు ఈ జిల్లాలో లేడని మా నాయన బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

ఆ శుక్రవారం ముగ్గురూ ఇరుసు విప్పడానికి కూర్చున్నారు. మిగతా ఇద్దరూ సెలవు పెట్టి వచ్చారు. టీలు ఇస్తూ, ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "గేరుబాక్సు కాదు. నేనే ఎడమ తప్పు చూపించినా."

ఎవరూ తల ఎత్తలేదు. భాయి టీ ఊదుకుంటూ, "మాకు తెల్సు వదినమ్మా. అది ఎనక్కి పోయినప్పుడే తెల్సె," అన్నాడు. "మరి ఆ రోజు నువ్వు..." అన్నాను. "ఊరంతా ఉండ్రి కదా," అన్నాడు అంతే. బండ్లన్న స్పానరు అందించమని చేయి చాపాడు. మా ఆయన మాత్రం ఇరుసు కిందినుంచి, "పుస్తకం తేపో. ఈ తూరి ఎనక నిలబడి చదువు," అన్నాడు. తొమ్మిది నెలలు వీళ్ళకంటే నాకే బుద్ధి ఎక్కువని నమ్మినదాన్ని. లోపలికి పోయి, పుస్తకం వెతికే నెపంతో కాసేపు కళ్ళు తుడుచుకున్నాను.

మరుసటి ఆదివారం మా ఆయన నన్నొక్కదాన్నే ఎక్కించుకొని ఎమ్మిగనూరు రోడ్డు పట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వ్యాను నిజంగా ముందుకు ఉరికింది. చెట్లు పరుగెత్తాయి, గాలికి కొంగు నిలవలేదు. ఎప్పుడు కదుల్తుంది, ఎప్పుడు కదుల్తుంది అని తొమ్మిది నెలలుగా ఆయన ప్రాణం తీసిన ఆ పిల్ల (నేనే), కళ్ళు గట్టిగా మూసుకొని, ఆయన చొక్కా పట్టుకొని, "నిదానం! కొంచెం నిదానంగా పోకూడదా?" అని దారి పొడుగునా అరుస్తూనే ఉంది.