సముద్రపొడ్డుకు గంజి చొక్కా

ఆ చొక్కాకు ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. తప్పు నాదో, నన్ను కన్న మా బాపుదో ఇప్పటికీ తేల్చుకోలేక నేనే రాసుకుంటున్నాను. తేలినా ఒరిగేదేమీ లేదని తెలుసు.

సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా శాంపిళ్లు కత్తిరించి అట్టలకు అతికించడం నా పని. నేను కూర్చునేది దుకాణం వెనక, కిటికీ లేని గదిలో. ముందు గదిలో తెల్లటి పరుపు పరిచిన గాదీ ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడేవాళ్లే దాని మీద కూర్చుంటారు. ఇన్నేళ్లలో నేను దాని మీద కూర్చున్నది దీపావళి పూజ నాడు, అదీ ఫోటో కోసం. ఏ ఆవిడకు ఏ రంగు నప్పుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. నా ఒంటి మీద మాత్రం ఎప్పుడూ దుకాణంలో మిగిలిన పాలిస్టర్ ముక్కతో కుట్టించిన చొక్కాయే.

ఆ ఏడాది చీరల అమ్మకం పడిపోయి మా సేటుకు కొత్త ఆలోచన పుట్టింది. మగవాళ్ల బట్టల్లోకి దిగాలి. అవీ మామూలువి కావు, సముద్రపొడ్డున పార్టీలకు వేసుకునేవి. పెళ్లికి ముందు గోవా, పెళ్లయ్యాక గోవా, పుట్టినరోజు వస్తే దమన్, ఇలా జనమంతా సముద్రం వెంట పడుతుంటే మనం చీరలు మడతపెడుతూ కూర్చున్నామని ఆయన బాధ. డుమస్ సముద్రం దగ్గర ఆయనకు ఒక తోట బంగళా ఉంది. మే నెలలో ఒక ఆదివారం అక్కడ పార్టీ పెట్టి, ముంబై నుంచి పెద్ద వ్యాపారిని పిలిచాడు.

నన్నూ తన మేనల్లుణ్ణీ ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. ఇద్దరూ చెరొక జత ఎంచుకోవాలి. కుట్టించుకుని తొడుక్కుని రావాలి. ముంబై ఆయనకు ఎవరి బట్ట నచ్చితే మగవాళ్ల విభాగం వాళ్లది. అంటే గాదీ మీద చోటు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఇది తప్పితే వెనక గదిలోనే నా పని ముగుస్తుందని ఎవరూ చెప్పక్కర్లేదు.

వారం రోజులు నాకు వేరే ధ్యాస లేదు. ఫోనులో వీడియోలు చూశాను. ఒక్కొక్కడూ చొక్కా గుండీలు విప్పుకుని ఇసుకలో నడుస్తున్నాడు, ఒక్కడికీ పొట్ట లేదు. వాళ్లకు గోనెసంచి చుట్టినా బాగానే ఉంటుంది. నాకు పొట్ట ఉంది, మెడ పొట్టి, పిక్కలు సన్నం. నాలాంటి వాళ్లే కదా కొనేదీ! అందుకని నా ఒంటినే కొలబద్దగా పెట్టుకున్నాను. పొట్టి నిక్కరు వద్దు, పిక్కలు బయటపడతాయి. నాడా బిగించుకునే వదులు ప్యాంటు, చీలమండ పైకి ఉండాలి. చొక్కా లోపలికి దోపేది కాదు, పొట్ట మీద నుంచి వదులుగా జారాలి. కాలరు మెడను పట్టుకోకుండా విప్పారి ఉండాలి. తెలుపు వేసుకుంటే డుమస్ నల్ల ఇసుక మరకలు కడతాయి, ముదురు రంగు ఎండను పీలుస్తుంది. కాబట్టి మజ్జిగ రంగు. బట్ట మాత్రం పాలిస్టర్ కాకూడదు. చెమట పట్టగానే అది వీపుకు అతుక్కుంటుందని సూరత్‌లో పుట్టినవాడికి వేరే చెప్పాలా? నూలూ నారా కలిపి నేసిన బట్ట ఒకటి శాంపిళ్ల అరలో ఎవరూ పట్టించుకోక పడి ఉంది. అదే తీశాను.

మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. నేను ప్యాంటు మీద బెల్టు పెట్టి చూసుకుంటుంటే నెత్తి కొట్టుకుంది.

"డాడీ, బెల్ట్ నై, బనియన్ నై, జేబుల పెన్ను అస్సలే నై! గివన్ని పెట్టుకొని పోతే బ్యాంకుల ఫారం నింపనీకి వచ్చినవనుకుంటరు."

పెన్ను తీసేశాను. పనిలో చేరిన నాటి నుంచీ జేబులో ఉన్న పెన్ను. బూట్లు వద్దని, మడమ విడిగా ఉండే గోధుమరంగు చెప్పులు కొనిపించింది. చొక్కా కుట్టించాక నేనే మూడుసార్లు ఉతికి మెత్తబరిచాను. ఆ బట్ట అందమంతా ఆ మెత్తదనంలోనే, ఆ ముడతల్లోనే ఉంది. శనివారం అద్దం ముందు తొడుక్కుని నిలబడ్డాను. బాగున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు, పెళ్లినాడు కూడా అంత బాగా లేను.

అప్పుడే మా బాపు చూశాడు.

మా బాపు సిరిసిల్ల నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో సూరత్ వచ్చి, పాండేసర వైపు కార్ఖానాల్లో ముప్పై అయిదేళ్లు మరమగ్గాలు నడిపాడు. ఆ మోతకు చెవులు పోయాయి. గట్టిగా అరిస్తే సగం వినబడుతుంది, మిగతా సగం ఆయనే ఊహించుకుంటాడు. ఇక్కడికి రాకముందు వాళ్ల తాత మగ్గం దగ్గర పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వడం ఆయన పని. ఆ పనిలో తనను మించినవాడు వాడకట్టులో లేడని చెప్పుకునేవాడు. సూరత్ పాలిస్టర్ దారానికి ఆయన గంజి అక్కర్లేకపోయింది. మా ఇంట్లో నూలు బట్ట కట్టుకున్నవాళ్లూ లేరు, ఆయన చెయ్యి పెట్టడానికి.

నా దగ్గరికి వచ్చి చొక్కా అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. ముఖం వెలిగింది.

"నూలే గద! నార గూడ కలిసింది. మంచి బట్ట తెచ్చినవ్‌రా." తర్వాత ఒకసారి కింది నుంచి మీది దాకా చూశాడు. "గింత నలిగిందేంది?"

"అది అంతే బాపు! నలిగి ఉండుడే దాని ఫ్యాషన్!" అని అరిచాను.

"సేటు ముంగట గిట్ల నిలవడ్తవా?" అన్నాడు. నా మాట వినబడిందో లేదో తెలియదు. విన్నా నమ్మేవాడు కాదు. నేసేవాళ్ల ఇంట్లో నలిగిన నూలు బట్టతో బయటికి వెళ్లడం అంటే ముఖం కడుక్కోకుండా వెళ్లినట్టే.

ఆదివారం పొద్దున క్షవరం చేయించుకుని వచ్చేసరికి నా చొక్కా వరండాలో తీగ మీద ఉంది. రెండు చేతులూ చాపుకుని, గాలి వీస్తున్నా కదలకుండా ఉంది.

మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. "నేను వద్దంటనే ఉన్న. ఇంటడా ఆయన? పొద్దుగాల సంది గంజి గిన్నె కాడ్నే కూసున్నడు. గుడ్డల వడగట్టిండు, సల్లారవెట్టిండు, ముంచిండు. నన్ను ముట్టనియ్యలే."

బాపు దాన్ని తీసి, నీళ్లు చిలకరించి, తానే ఇస్త్రీ చేశాడు. మడత పెడితే అట్టలా నిలబడింది. నా చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పట్టి సూడు. కడక్ ఉన్నదా?"

ఇంకా మూడు గంటల టైముంది. మే నెల ఎండకు ఉతికితే గంటలో ఆరిపోయేది. నాకు బట్ట తెలుసు, గంజి తెలుసు, సముద్రపు గాలి తెలుసు. చెమటా ఉప్పుగాలీ తగిలితే గంజి ఏమవుతుందో చిన్నపిల్లలకూ తెలుసు. అయినా ఆ చేతుల వంక చూసి ఉతకలేకపోయాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఉడుకు గంజి గుడ్డలో పిండి పిండి వేళ్లు ఎర్రబడి ఉన్నాయి. దగ్గు తప్ప ఇంకే పనీ మిగలని మనిషికి ఆ పొద్దు పని దొరికింది.

"మస్తుగున్నది బాపు," అని తొడుక్కున్నాను.

మా గుజరాత్‌లో మందు నిషేధం కాబట్టి పార్టీ అంటే జీరా సోడా, వేడివేడి టమాటా భజియాలు, చెవులు పగిలే పాటలు. సముద్రం ఆటు మీద ఉంది, నీళ్లు ఎక్కడో దూరంగా గీతలా కనబడుతున్నాయి. మేనల్లుడు చిలకల బొమ్మలు అచ్చేసిన పాలిస్టర్ చొక్కాలో వచ్చాడు. అరగంటలో చెమటతో తడిసి వీపుకు అతుక్కుంది. అయినా ముందు నుంచి చూస్తే మెత్తగా జారుతూ, మెరుస్తూ ఉంది. నేను మాత్రం భుజాలు పైకెత్తుకుని బొమ్మలా నిలబడ్డాను. కదిలితే చొక్కా చప్పుడు చేస్తోంది. అయిదు గంటలకల్లా చంకల్లో, మెడ దగ్గర గంజి కరగడం మొదలైంది. మెడ జిగటగా అయింది. ఎండిన చోట అట్ట, తడిసిన చోట పేస్టు. గాలి లేచినప్పుడల్లా నల్ల ఇసుక వచ్చి ఆ జిగటకు అంటుకుంటోంది. దులిపితే పోదు, పాముతుంది. అన్నం గిన్నె వాసన నాకే కొడుతోంది.

మార్కెట్‌లో బట్టను కళ్లతో చూసేవాళ్లు తక్కువ. మనిషి ఒంటి మీద ఉన్నా సరే, అడగకుండా చెయ్యి పట్టుకుని అంచును వేళ్ల మధ్య నలుపుతారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు, మేమందరం చేసేదే. ముంబై ఆయన కూడా అదే చేశాడు. చేతి అంచు నలిపాడు, కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఫాల్, అంటే బట్ట జారే తీరు, ఎలా ఉందో చూద్దామని వీపు మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేసి, కాగితంతో వేళ్లు తుడుచుకున్నాడు.

"యే తో కడక్ హై," అన్నాడు. బిరుసుగా ఉందని. పొద్దున మా బాపు గర్వంగా అడిగిన మాటే. ఇది వేసుకుని ఒడ్డున ఎవడు తిరుగుతాడు, ఎన్నికల సభకైతే పనికొస్తుంది అని హిందీలో నవ్వుతూ అన్నాడు.

నేను తడబడ్డాను. బట్ట మెత్తనిదే, గంజి పెట్టడం వల్ల ఇలా ఉంది, ఉతికితే పోతుందని చెప్పాను. గంజి ఎందుకు పెట్టావని సేటు అడిగాడు.

"నేను కాదు సేట్. మా తండ్రి పెట్టాడు. పెద్దవాడు, తెలియక పెట్టాడు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ముందు ముంబై ఆయన నవ్వాడు, తర్వాత సేటు, తర్వాత సోడా గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్లంతా నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. దారం చేత్తో తడిమి దాని సన్నదనం నంబరు చెప్పే మనిషిని, ఏమీ తెలియని ముసలివాణ్ణి చేసి ఆ ఇసుకలో నిలబెట్టాను, ఒక పరుపు మీద చోటు కోసం. ఆ చోటు కూడా దక్కలేదు.

సేటు కోప్పడలేదు. భుజం తట్టి ఒక్కటే అన్నాడు. ఈ బట్ట ఎలా వేసుకోవాలో నీ ఇంట్లోనే తెలియదు, రేపు కొన్నవాడికి ఎవరు చెబుతారు? చిలకల చొక్కా ఖాయమైంది. రేపటి నుంచి దాని శాంపిళ్లు కత్తిరించాలని మేనల్లుడు అక్కడే నాకు పని చెప్పాడు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరాను. బాపు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. కార్ఖానా మోతలో మాటలు వినబడక చేతులతో మాట్లాడుకునే అలవాటు ఆయనది. బొటనవేలూ చూపుడువేలూ రుద్ది, గడ్డం ఎత్తాడు. బట్ట పట్టి చూశారా, ఏమన్నారు అని. చొక్కా విప్పి ఇచ్చాను.

ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్లాడు. కాలరు నలిపాడు, చేతి అంచు నలిపాడు, వీపు మీద వేళ్లు జరిపాడు. జిగటకు అంటిన ఇసుక గోటితో గీరాడు. బట్ట పీలికలా వేలాడుతోంది. నేను చేసిన పని ఆ వేళ్లకు తెలిసిపోతుందేమోనని నాకు భయం వేసింది.

"గంజి పల్సగైంది," అన్నాడు చివరికి. "నాదే తప్పు బిడ్డా. శాన ఏండ్లాయె గద, చెయ్యి మర్సింది. ఇంకోపారి జర చిక్కగ పెడ్త."

"సరే బాపు," అన్నాను.

మర్నాడు నేను వెనక గదిలో చిలకల బట్ట కత్తిరిస్తున్నప్పుడు ఆయన ఆ చొక్కా ఉతికి, అన్నంత పనీ చేశాడు. అది ఇప్పుడు బీరువాలో ఉంది. వానలు పోయాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి దాన్ని బయటికి తీసి మళ్లీ చిక్కగా గంజి పెడతాడు. సముద్రం కాడికి ఎప్పుడు పిలుస్తరని అడుగుతాడు. వాళ్లింకా చెప్పలేదని అరుస్తాను.