మిరపతోటకు వచ్చిన దీదీ

దీదీ పోయిందని ఆమె తమ్ముడు బీజాపూర్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మా కేంద్రం వరండాలో పిల్లల చాపలు ఎండకు వేస్తున్నాను. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. మొదటి రెండు రోజులు మాత్రలు మింగి పనికి వచ్చింది. మేమెవ్వరం ఆపలేదు.

లైంగిక హింసకు గురైన పిల్లలకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ తోడుండే కేంద్రం మాది. రెండు గదులు, ఒక వరండా. నడిపేది దీదీ, ఆమె కింద పనిచేసేది మేము. దీదీ రాకముందు అలాంటి పిల్ల ఠాణాలో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, వకీలు ముందు ఇంకోసారి, పిల్లల సంక్షేమ కమిటీ ముందు మరోసారి జరిగింది చెప్పుకోవాల్సి వచ్చేది. దీదీ ఆ అడిగేవాళ్ళందరినీ మా గదికే పిలిపించేది. "పిల్ల నాలుగు గడపలు ఎక్కొద్దు. ఆ నాలుగు గడపలోళ్ళే నడిచి రావాలె" అనేది. పోలీసామె మామూలు చీరలో రావాలి. ఎంతటివాళ్ళయినా చాప మీదే కూర్చోవాలి. ఒక పెద్ద సార్ కుర్చీ అడిగితే, "ఉన్నది సార్, బయట. కావాలంటే అక్కడ్నే కూసోండి" అంది. ఆయన చాప మీద కూర్చున్నాడు.

తల్లులకు తనే చాయ్ పెట్టేది. దోర్లీ వాళ్ళతో దోర్లీలో, గోండీ వాళ్ళతో గోండీలో మాట్లాడేది. "తప్పు నాదే అక్కా" అని ఎవరైనా ఏడుపు మొదలుపెడితే, "పొద్దున ఏమన్న తిన్నవా?" అని అడిగేది. ముందు తిండి, తర్వాతే మాట.

ఊళ్ళకు మాత్రం ఎప్పుడూ జీపులో పోలేదు. సంత రోజు బస్సులో వెళ్ళి, చింతపండు బేరం చేస్తూ పిల్ల తల్లిని పలకరించేది. అంతమంది మధ్య ఇద్దరు ఆడవాళ్ళ మాటలు ఎవరికీ పట్టవు.

ఆ పద్ధతి తప్పింది నేను. ఆవపల్లి వైపు ఊరి పిల్ల, పన్నెండేళ్ళది. పేరు రాయను. చేసినవాడు చిన్నాన్న వరస. పిల్ల మా గదిలో అంతా చెప్పింది. కేసు అయింది, మందులు మొదలయ్యాయి. తర్వాత ఒక వారం రాలేదు. సంతకు ఇంకా నాలుగు రోజులుంది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. పిల్లను మళ్ళీ చూడాలని కాగితంలో రాసిన తేదీ దాటకూడదన్నదొక్కటే నాకు పట్టింది. దీదీకి చెప్పకుండా ఆఫీసుకిచ్చిన సర్కారు జీపులో వెళ్ళి ఆ ఇంటి ముందు దిగాను.

మా ఊళ్ళలో ఒక ఇంటి ముందు సర్కారు జీపు ఆగితే ఆ ఇంటివాళ్ళు పోలీసులకు ఎవరి సంగతి చెప్పారోనని ఊరంతా భయపడుతుంది. ఆ సాయంత్రమే ఊరి పెద్దలు తల్లిని కూర్చోబెట్టి అడిగారు. కేసు వదులుకుంటేనే ఊళ్ళో ఉండమన్నారు. మర్నాడు తల్లీకూతుళ్ళు మిరప కూలీల బండెక్కి, తర్లగూడ దగ్గర సరిహద్దు దాటి తెలంగాణకు వెళ్ళిపోయారు.

దీదీకి చెప్పాను. "జీపంటే భయమేందో నీకు చదువు రాకముందే ఎరుక గద బిడ్డా. ఎప్పుడు మర్చిపోయినవు?" అంది. అంతే, మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇద్దరం తోట తోటా తిరిగాం. మూడో రోజు కనబడ్డారు. నన్ను చూసి తల్లి ముఖం తిప్పుకుంది. దీదీ నడుముకు సంచీ కట్టుకుని పక్క సాలులో కాయలు ఏరడం మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి తల్లే నోరు విప్పింది.

"అక్కా, తొడిమెలు ఊడగొడ్తున్నవ్. ఆసామి తిడ్తడు."

"తిట్టనీ చెల్లె. సార్లతోని తిట్లు తిని తిని అలవాటైంది."

తల్లి నవ్వబోయి ఆగింది. "పిల్ల కోర్టుల చెప్తే మేం మళ్ళ ఊరికెట్ల పోవాలె?"

"పోతవో పోవో నాకు తెల్వదు. అబద్ధం చెప్ప. పిల్ల పక్కన నేను కూసుంట. అదొక్కటి తెలుసు."

పిల్ల తల ఎత్తలేదు. "దీదీ వస్తే చెప్త" అంది, కాయలు ఏరుతూనే.

వాళ్ళు సొంత ఊరికి పోలేదు. తర్లగూడ పక్కన, తల్లి పుట్టింట్లో ఉన్నారు. దీదీ నెల నెలా వెళ్ళి చూసొచ్చేది. కోర్టు తేదీ చివరికి దీదీ పోయిన తొమ్మిదో రోజుకు పడింది. మార్పించుకుందామా అని వకీలు అడిగాడు. పిల్ల వద్దంది.

ఆ పొద్దున నేను బస్సులో తర్లగూడ వెళ్ళి, వాళ్ళతో కోర్టుకు పోయే బస్సెక్కాను. తల్లి ముందు సీట్లో కూర్చుంది. పిల్ల కిటికీ పక్కన కూర్చుని, తన గుడ్డసంచీ పక్క సీట్లో పెట్టింది. నేను తీయమనలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టర్ ఆ సీటు వైపు రెండుసార్లు చూసి ముందుకు పోయాడు. భోపాలపట్నం దాటాక, కిటికీలోంచి చూపు తిప్పకుండానే, ఆ పిల్ల సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.