తెగాల్సిన దారం

థర్మకోల్‌తో నేనే చేసిన గ్లైడర్‌ను పెద్ద హీలియం బెలూన్‌కు సన్న దారంతో వేలాడదీశాను. మబ్బులు దాటాక బ్యాటరీ తీగ వేడెక్కి ఆ దారాన్ని కాల్చాలి. గ్లైడర్ విడిపడి ఎగరాలి. కొత్తవాడ మైదానంలో బెలూన్ వదిలినప్పటి నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. తీగ వేడెక్కాల్సిన సమయం దాటిపోయింది. ఫోన్‌లో మాత్రం గ్లైడర్ ఎత్తు పెరుగుతూనే ఉంది.

పక్కింట్లో జంపఖానాలు నేసే చిచ్చా నా భుజం తట్టాడు.

"గంత ఫికరెందుకు బేటా? దారం జర సన్నగున్నదని పొద్దున దాని జాగల మా మగ్గం నూలు నాలుగు పోగులు పేని కట్టిన. ఇగ సచ్చినా తెగదు."

ఒళ్లు మండిపోయింది. తిట్టబోయాను. మా ఇంట్లో ఆయన నేసిన జంపఖానా గుర్తొచ్చింది. నేను పాకడం నేర్చుకున్నది దానిమీదే. ఇప్పటికీ ఒక్క పోగు తెగలేదు.