వెనక్కి నడవని బండి

ఆ ఆటను చూసిన మొదటి రోజే సోములికి ఒళ్ళు మండిపోయింది.

తెర మీద అడవి. మోకాలి లోతు బురద. ఆ బురదలో ఒక పెద్ద లారీ మూలుగుతూ వెనక్కి వెళ్ళి, దుంగలెత్తిన ట్రెయిలర్ ముందు ఆగింది. ఆడుతున్న కాలేజీ విద్యార్థి ఒక మీట నొక్కాడు. టక్కుమని ట్రెయిలర్ లారీకి తగులుకుంది. మధ్యలో మనిషి లేడు. తగిలించే పిన్ను పట్టుకున్న చెయ్యి లేదు. రా, రా, ఇంకొంచెం రా, ఆగు అని అరిచే గొంతు లేదు.

"ఇదేటమ్మా, ఇలగ తగిలిపోడమేటి?" అన్నాడు సోములు, టీ గ్లాసులు ఏరుతూ.

"ఆట కదా సోములూ. ఇంకెలా తగులుకోవాలి?" అంది ఝాన్సీ.

"మద్దిన మనిసుండాలి గదా" అని, ఉన్న వేళ్ళతోనే గ్లాసులన్నీ పట్టుకుని లోపలికి పోయాడు. అతని కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు.

ఝాన్సీది విజయనగరంలో స్టేషన్ రోడ్డు పక్క సందులో గేమ్ సెంటరు. అంతకుముందు అది నెట్ సెంటరు. ఊళ్ళో ప్రతివాడూ సెల్లులోనే నెట్టు చూసుకోవడం మొదలెట్టాక దరఖాస్తులు నింపించుకునే జనం తగ్గిపోయారు. ఆవిడ చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. పాత కంప్యూటర్లు అమ్మేసి కొత్తవి తెచ్చింది, రెండింటికి ఆట స్టీరింగులూ పెడళ్ళూ బిగించింది. ఊడవడానికీ టీలు తేవడానికీ సోముల్ని పెట్టుకుంది. ఒకప్పుడు కోటబొమ్మాళి చుట్టుపక్కల ట్రాక్టరు తోలడంలో పేరున్న మనిషి చివరికి ఆట బళ్ళ దుమ్ము తుడిచే పనికొచ్చాడు. వేళ్ళు పోయినందుకు అనుకుంటారు అందరూ. కాదు. మూడు వేళ్ళతో స్టీరింగు తిప్పలేనివాడేం కాదు సోములు. తాగుబోతన్న పేరొచ్చింది. ఆ పేరున్నవాడికి బండి తాళం ఎవడూ ఇవ్వడు.

ఆ పేరు పెట్టినవాడు ఉమాపతి.

ఉమాపతి కోటబొమ్మాళిలో ధాన్యం షావుకారు, సొంత బియ్యం మిల్లున్నవాడు. మంచివాడని పేరు, దేవుడి పనులకి ముందుంటాడని పేరు. అతని ట్రాక్టరు తోలేవాడు సోములు. ఆ ఏడు విజయదశమికి బండి కడిగి, పసుపు రాసి, బంతిపూల దండలేసి, గేటు దగ్గర నిలబెట్టాడు. దాని వెనక తగిలించే నాలుగు చక్రాల తొట్టి మాత్రం మిల్లు వాకిట్లో ఎగువన ఉండిపోయింది. ముందురోజే దాన్నిండా బియ్యం బస్తాలెత్తారు. పూజైన వెంటనే మంచి ఘడియలో మొదటి లోడు కదలాలని షావుకారు ముచ్చట. కాలేజీ సెలవులకొచ్చిన కొడుకు విజయ్‌కుమార్‌ని ట్రాక్టరెక్కించాడు, వాడి చేత నిమ్మకాయలు తొక్కించాలని.

హారతైంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అప్పుడు చూసుకున్నారు, తొట్టి ఇంకా తగిలించలేదని.

"బండి యెనక్కి తీసి తగిలిద్దుము సావుకారూ" అన్నాడు సోములు.

"పూజ చేసిన బండి మొదటి అడుగు వెనక్కి వెయ్యకూడదురా."

"అలగైతే ముందుకే పోయి, కాయలు తొక్కించి, రోడ్డు మీద తిప్పుకొత్తాం."

"పండగపూట మొదటి నడక ఒట్టి బండితోనా? ఘడియ దాటిపోతుంది. తొట్టినే ఇటు దొర్లించండి."

అంత లోడున్న తొట్టిని, పల్లంలోకి, మనుషుల చేత. బుద్ధున్నవాడు చేసే పనేనా అది? కానీ షావుకారు మాట. బస్తాలు మోసే కళాసీలు తొట్టి చక్రాలకడ్డమున్న రాళ్ళు తీశారు. సోములు పిన్ను పట్టుకుని ట్రాక్టరు వెనకాల నిలబడ్డాడు, ఎవరో ఒకరు నిలబడాలి కనక. తొట్టి మొదట కదల్లేదు. కదిలాక ఆగలేదు. విజయ్‌కుమార్ సీటులో వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. బండి ముందుకు ఒక్క బార జరిపినా సరిపోయేది. నాన్న జరపమనలేదు కాబట్టి జరపలేదు.

తొట్టికీ బండికీ మధ్య నలిగి, అలా పోయాయి వేళ్ళు.

ఆస్పత్రిలో జనం మూగి ఎలా జరిగిందని అడిగారు. పూజ చేసిన బండికి చెడ్డ పేరు రాకూడదు, తన మాటకి చెడ్డ పేరు అంతకన్నా రాకూడదు. "రాత్రి తాగినట్టున్నాడు, చెయ్యి వణికింది" అనేశాడు ఉమాపతి. సోములు మత్తుమందులో ఉన్నాడు. అతని భార్య చిన్నతల్లి అక్కడే నిలబడి ఉంది.

నిజంలా బాగా అతికే అబద్ధం అది. సోములు ఒకప్పుడు తాగేవాడే. చిన్నతల్లి పోరు పడలేక విజయనగరం పైడితల్లమ్మ గుడిలో చేతిలో కర్పూరం వెలిగించుకుని ఒట్టేశాడు, మానేశాడు. మళ్ళీ చుక్క ముట్టలేదు. కానీ ఆ రోజు చిన్నతల్లి షావుకారు మాట విని, ఒట్టు తప్పాడు, అమ్మవారు చెయ్యి తీసుకుంది అనుకుంది. తెలివొచ్చాక సోములు ఎంత చెప్పినా "సర్లే, అయిందేదో అయిపోనాది" అంది.

ఆ "సర్లే" దగ్గరే సోములి కడుపు రగలడం మొదలైంది. కొట్టినా, తిట్టినా, పుట్టింటికి పోయినా ఇంత బాధపడేవాడు కాదేమో. ఆవిడ ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, పుండు కడిగింది, ఊళ్ళో పని పుట్టకపోతే తట్టాబుట్టా సర్దుకుని అతని వెంట విజయనగరం వచ్చింది. కానీ ఏటేటా దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం జరిగే ముందు, పసుపూ కుంకుమా రవికెగుడ్డా పట్టుకుని గుడికెళ్ళి, మా ఆయన తప్పు కాయి తల్లీ అని రెండు చెంపలూ వాయించుకుంటుంది. పక్కన సోములు నిలబడాలి. చెయ్యని తప్పుకి పెళ్ళాం లెంపలేసుకుంటుంటే చూడాలి. ఆవిడ చెంప మీద పడే ప్రతి దెబ్బకీ అతను మనసులో ఉమాపతిని తిట్టని తిట్టు లేదు.

ఆ విజయ్‌కుమారే, ఈ మధ్య విజయనగరంలో సెల్‌ఫోన్ల షాపు పెట్టి, ఆదివారం పొద్దున్న గేమ్ సెంటరుకి రావడం మొదలెట్టాడు. మొదటిసారి సోముల్ని చూసి గతుక్కుమన్నాడు. తర్వాత గోడ మీద బల్లిని చూసినట్టు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అతను ఆడేది ఆ లారీల ఆటే. స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి ఇద్దరూ రెండు స్టీరింగుల ముందు కూర్చుని బురదలో దుంగలు లాగేవారు.

సోములు కూడా ఆ ఆట పట్టుకున్నాడు. సెంటరు తెరిచాక జనం వచ్చేలోపు ఝాన్సీ ఆడుకోమనేది. మొదట్లో లారీని ఏట్లో ముంచేవాడు, ట్రెయిలర్‌ని బోర్లా పడేసేవాడు, ఆటని అమ్మనా బూతులూ తిట్టేవాడు. "కోపమొస్తే ఆడకు మరి" అనేది ఝాన్సీ నవ్వుతూ. కోపం కోసమే ఆడుతున్నాడని ఆవిడకి తెలీదు. లారీని వెనక్కి తియ్యడం, మీట నొక్కడం, టక్కున తగలడం. మళ్ళీ విప్పడం, మళ్ళీ వెనక్కి. దుంగలు ఎక్కడికీ చేర్చేవాడు కాదు.

సిరిమానుకి ముందు ఆదివారం విజయ్‌కుమార్ ఒక్కడే వచ్చాడు. స్నేహితుడు ఊళ్ళో లేడు.

"సోములూ, నువ్వు కూర్చోరాదూ రెండో దాని మీద" అంది ఝాన్సీ.

విజయ్‌కుమార్ కాదనలేకపోయాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తెర మీద రెండు లారీలూ కొండదారంట దిగాయి. వంపు దాటాక ట్రెయిలర్ కనిపించింది. విజయ్‌కుమార్ లారీ దానికి కాస్త ముందుకు పోయి ఆగింది. వెనక్కి తీస్తే చక్రాలు బురదలో దిగిపోతాయని అతని భయం.

"సోములూ, నీ బండితో ఆ ట్రెయిలర్‌ని వెనకనుంచి నా వైపు తొయ్యి" అన్నాడు.

సోములు స్టీరింగు వదిలేశాడు.

"తొయ్యను."

"ఏం?"

"నువ్వే యెనక్కి రా బావూ. ఇక్కడ పూజ సెయ్యలేదు, నిమ్మకాయల్లేవు, ముహూర్తం లేదు. యెనక్కి రాడానికి నీకేటి రోగం?"

గొంతు పెద్దదైంది. అటు బండి రేసు ఆడుతున్న ఇద్దరు విద్యార్థులు తల తిప్పారు. ఝాన్సీ కౌంటరు వదిలి వచ్చింది. విజయ్‌కుమార్ మొహం పాలిపోయింది. గేరు మార్చి లారీని వెనక్కి తీశాడు. చక్రాలు కాస్త జారాయి, అంతే. ట్రెయిలర్ దాకా వచ్చి మీట నొక్కాడు. టక్కుమంది.

"అయిపోనాదా?" అన్నాడు సోములు. "ఇంతే గదా పని. ఆ రోజూ ఇంతే. సీట్లో కూకుని సూస్తన్నావు నువ్వు. సెప్పు, నాను తాగొచ్చినానా ఆ రోజు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు సోములూ? నాన్నకి ఒంట్లో బాగుండట్లేదు. ఏదైనా సాయం కావాలంటే..."

"సాయమా?" సోములు కుర్చీలోంచి లేచాడు. "మీ సాయం మీ పెరట్లో పాతీసుకోండి. నాకేటీ ఒద్దు. తాగొచ్చినానా, లేదా?"

"ఏమైంది విజయ్?" అంది ఝాన్సీ. ఆవిడకేం తెలీదు కనక, వట్టినే అడిగింది. ఆ అడగడంలో దాక్కోవడానికి చోటు లేకపోయింది.

"తాగలేదు" అన్నాడు విజయ్‌కుమార్ తెరకేసి చూస్తూ. "పొద్దున్న నా పక్కనే నిలబడి బండికి పసుపు రాశాడు. బండి వెనక్కి తీద్దామన్నాడు. నాన్నే వద్దన్నారు. తర్వాత ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు."

సోములు కుర్చీని వెనక్కి నెట్టేశాడు. ఆనందంతో కాదు. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని, ఆదివారం ఆదివారం వచ్చి ట్రెయిలర్లు తగిలించుకుంటున్నాడే వీడు, అన్న మంటతో. చొక్కా జేబులోంచి ఫోను తీసి భార్య నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, విజయ్‌కుమార్ ముందు బల్ల మీద పడేశాడు.

"నాకు కాదు. దానికి సెప్పు."

"ఏటయ్యా?" అంది చిన్నతల్లి అటునుంచి. వెనకాల కుళాయి నీళ్ళ చప్పుడు.

విజయ్‌కుమార్ తానెవరో చెప్పుకున్నాడు. తాగలేదన్నాడు. నాన్న అబద్ధమాడారన్నాడు. చివర్లో తప్పైపోయిందమ్మా అని కూడా అన్నాడు. అటు కుళాయి కట్టేసిన చప్పుడైంది. లైను తెగిందేమోనని ఝాన్సీ ఫోను మీదికి వంగి చూసింది.

"ఆయనున్నాడా అక్కడ?" అంది చిన్నతల్లి.

"ఉన్నానే" అన్నాడు సోములు.

"నీతోని ఇంటికొచ్చినాక మాటాడతాను. నీకు మొకం సూపించనేను గానీ, మాటాడతాను." తర్వాత విజయ్‌కుమార్‌తో అంది. "ఇదిగో బావూ, మీ నాయనకి నా మాటగా సెప్పు. మంగళారం అమ్మోరికి పసుపూ కుంకుమా అన్నీ కొనీసి ఉంచినాను. ఈ ఏడు నాను లెంపలేసుకోను. ఆయన్ని రమ్మను. ఒంట్లో బాగోకపోతే నువ్వు తీసుకురా."

ఫోను పెట్టేసింది.

విజయ్‌కుమార్ కూర్చున్నచోటే ఉండిపోయాడు. తెర మీద అతని లారీ ట్రెయిలర్‌తో సహా బురదలో నిలబడి ఊరికే మూలుగుతోంది. సోములు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నావు గదా బావూ" అన్నాడు. "మంగళారం పొద్దున్నే గుడికాడుంటాం ఇద్దరం."

చీపురు మూలన పెట్టేసి, ఝాన్సీకి చెప్పి, ఇంటికి బయల్దేరాడు.