సూది తీసిన తరువాత

రక్తదాన శిబిరాల్లో పనిచేసే ఆ నర్సును తోటివాళ్ళు కుదురక్క అంటారు. సూది తీశాక ఎవరినీ కుర్చీలోంచి కదలనివ్వదు మరి. రక్తం పుచ్చుకోవడంతో తన పని తీరిపోదనీ, ఇచ్చినవాడు క్షేమంగా ఇల్లు చేరేదాకా ఆ బాధ్యత తనదేననీ ఆమె పట్టుదల.

ఆనాటి శిబిరం సగం కట్టిన ఒక భవనం కింది అంతస్తులో. రక్తమిచ్చినవాళ్ళకు ఆ రోజంతా నేలమీది పనే ఇవ్వాలని పొద్దున్నే చెబితే, మేస్త్రీ తలూపాడు. అందరికంటే ముందు చెయ్యి చాచినవాడు ఆమె సొంత మరిది. అక్కడే గోడలకు రంగులు వేస్తాడు.

"మా వదిన మాటల కంటే సూదే నయంరా!"

"నోరు కాదు, పిడికిలి ఆడించు."

తీరా మరొకరికి పట్టీ కట్టి వెనక్కి తిరిగేసరికి అతని కుర్చీ ఖాళీ. పళ్ళరసం ముట్టనైనా లేదు.

"నేనే పైకి పంపాను," అన్నాడు మేస్త్రీ. "గుండ్రాయిలాంటివాడు, ఆ కాస్త రక్తానికే పడిపోతాడా?"

ఆమె పరుగున బయటికొచ్చింది. పరంజా మీద, మూడో అంతస్తు ఎత్తున, మరిది ఒక చేత్తో బకెట్ పట్టుకుని రెండో చేత్తో నుదురు తుడుచుకుంటున్నాడు. గొంతుదాకా వచ్చిన కేకను మింగేసింది. అతను ఉలిక్కిపడితే అంతే సంగతులు.

"మరిదీ, బకెట్ వదిలెయ్. కర్రను కావలించుకో."

"వదినా... గోడ కదులుతోంది."

"కదలనీ. నువ్వు కదలకు. నడుముతాడు కొక్కెం కర్రకు తగిలించి, అక్కడే చతికిలబడు."

బకెట్ దబ్బున ఆమె పక్కనే పడింది. కొక్కెం రెండుసార్లు తప్పి, మూడోసారికి పట్టుకుంది. మరుక్షణమే అతని తల వాలిపోయింది. తోటి పనివాళ్ళిద్దరు ఎగబాకి, పసిబిడ్డను దించినట్టు దించారు. పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి రంగుడబ్బా మీద ఆనించాక గానీ అతని ముఖంలోకి కళ రాలేదు.

"అన్నయ్యకు చెప్పకు వదినా."

"నేనెందుకు చెబుతాను? నా ఎదురుగా నువ్వే చెబుతావు."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "బతికాడుగా! మిగతావాళ్ళది కానివ్వండి మరి."

ఆసుపత్రిలో రక్తం నిల్వచేసే అరలు సగం ఖాళీగా ఉన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా అంది: "ఇవాళ ఎవరినీ పైకి ఎక్కించనని వీళ్ళందరి ముందూ చెప్పండి."

పనివాళ్ళు మేస్త్రీవైపు చూశారు. మేస్త్రీ గోడవైపు చూశాడు.

ఆమె తరువాతివాడి చేతికి బిగించిన పట్టీ విప్పేసింది. "లే తమ్ముడూ. నీ రక్తం నీ దగ్గరే ఉండనీ."